షికాగో మీద పడ్డ బరువు

ఆటోబాట్లు, డిసెప్టికాన్లు. వాహనాలుగా, యంత్రాలుగా మారగల రోబోలు. రెండు వర్గాల పుట్టిల్లూ సైబర్‌ట్రాన్ గ్రహమే. తమలో తాము కొట్టుకుని ఆ గ్రహాన్ని బూడిద చేసుకున్నాక, మిగిలిన పగను భూమి మీదికి మోసుకొచ్చాయి. 2011లో మైకేల్ బే తీసిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్: డార్క్ ఆఫ్ ది మూన్’ సినిమా చివరి భాగమంతా అమెరికాలోని షికాగో నడిబొడ్డున ఈ రెండు లోహసైన్యాల పోరాటమే. డిసెప్టికాన్లు నగరాన్ని చుట్టుముట్టి, ఒక మేడ కప్పు మీద స్తంభం నిలిపి, దాని శక్తితో అంతరిక్షంలో వంతెన తెరుస్తాయి. తమ గ్రహాన్నే భూమి పక్కకు లాక్కొచ్చి, మనుషుల చేత వెట్టిచాకిరీ చేయించి, దాన్ని మళ్ళీ కట్టుకోవాలన్నది వాటి పన్నాగం. ఆప్టిమస్ ప్రైమ్ నాయకత్వంలో ఆటోబాట్లు, వాటితో పాటు గుప్పెడు మంది సైనికులు అడ్డుపడతారు.

ఈ యుద్ధాన్ని ఈ అధ్యాయంలో తూకం వేసి చూద్దాం. దానికి ముందు ఒక ఒప్పందం. లారీ నిలువునా లేచి మనిషి రూపం ఎలా దాలుస్తుంది, దానికి ఇంధనం ఎక్కడిది, అది ఇంగ్లీషు ఎప్పుడు నేర్చింది అని అడగవద్దు. అవి కథకుడి సొత్తు. షికాగోను మాత్రం షికాగోలాగే ఉండనిద్దాం. దాని మేడలు, దాని కింది మెత్తని బంకమట్టి, దాని నది, దాని సరస్సు ఏవీ మారవు. అలా పట్టుబట్టి లెక్క కడితే, నగరానికి జరిగే నష్టంలో సింహభాగం ఏ వర్గం తుపాకీకీ చెందదని తేలుతుంది. అది బరువు చేసే నష్టం. ఎత్తున ఉన్నదాన్ని కిందికి లాగడానికి గురుత్వాకర్షణ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. యుద్ధం చేసేవాళ్ళు దానికి దారి మాత్రం తెరుస్తారు.

ముందు ఆప్టిమస్‌నే తూద్దాం. 2007 నాటి మొదటి సినిమాలో అతని ఎత్తు 28 అడుగులు, అంటే ఎనిమిదిన్నర మీటర్లు. 1.7 మీటర్ల మనిషికి సరిగ్గా 5 రెట్లు. ఒక ఆకారాన్ని అదే పోలికలో పెంచుకుంటూ పోతే ఏమవుతుందో గెలీలియో 1638లోనే రాశాడు. ఎత్తు 5 రెట్లయితే పాదం వైశాల్యం 25 రెట్లవుతుంది, బరువు 125 రెట్లవుతుంది. 70 కిలోల మనిషిని ఆ కొలతకు పెంచితే 8,750 కిలోలు వస్తుంది. ఇప్పుడు ఆప్టిమస్ మారే లారీని చూడండి. అది పీటర్‌బిల్ట్ 379. వెనక ట్రైలర్ లేకుండా అలాంటి లారీ బరువు ఎనిమిది, తొమ్మిది టన్నులు.

రెండు లెక్కలూ ఇంత దగ్గరగా రావడం వెనక ఒక నిర్ణయం ఉంది. 1984 నాటి కార్టూన్‌లో డిసెప్టికాన్ల నాయకుడు మెగాట్రాన్ చేతిలో ఇమిడే పిస్తోలుగా మారిపోయేవాడు. అంత పెద్ద శరీరంలోని పదార్థమంతా ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. సినిమా తీసినవాళ్ళు ఆ వెసులుబాటు వద్దనుకున్నారు. లారీలో ఎంత సరుకుందో రోబోలోనూ అంతే ఉండాలన్నారు. పాత బొమ్మలోని చదునుమూతి లారీని వదిలి పొడుగు ముక్కు లారీని ఎంచుకున్నది అందుకే. నాయకుడు ఠీవిగా కనబడాలంటే ఎక్కువ లోహం కావాలి కదా. ద్రవ్యనిత్యత్వ సూత్రాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్న వినోద చిత్రాలు తక్కువ, దానికి వాళ్ళను మనసారా మెచ్చుకోవాలి. ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. మనిషి శరీరపు సాంద్రత ఇంచుమించు నీటిది. ఉక్కు దానికి దాదాపు 8 రెట్లు. అంటే ఆప్టిమస్ ఒంట్లో ఎనిమిదో వంతే లోహం, మిగతాదంతా గాలి. తెర మీద పలకలు, కడ్డీలు, గొట్టాల మధ్య అంత సందు కనబడటం సబబే.

అతను రోడ్డు మీద నిలబడితే? బరువు 125 రెట్లు, పాదం 25 రెట్లు కాబట్టి నేల మీద ఒత్తిడి మనిషి కన్నా 5 రెట్లే. చదరపు సెంటీమీటరుకు కిలో, కిలోంబావు. బరువు లారీ టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు ఏడు కిలోలు. ఇసుక లారీలు తిరిగే మన రోడ్డు మీద కూడా ఆప్టిమస్ నిశ్చింతగా నడిచిపోవచ్చు, తారు మీద మచ్చ పడదు. అతను అడుగేసిన చోటల్లా రోడ్డు పగులుతున్నట్టు చూపించడం అతిశయోక్తి.

దూకడం సంగతి వేరు. ఆరంతస్తుల ఎత్తు నుంచి, అంటే 20 మీటర్ల నుంచి దూకి, మోకాళ్ళు వంచి అర మీటరులో ఆగాడనుకోండి. 20 మీటర్లలో పోగైన శక్తినంతా అర మీటరులో ఖర్చు పెట్టాలి. 40 రెట్ల బలం కావాలి. 350 టన్నులు! అమెరికా జాతీయ రహదారుల మీద సరుకుతో సహా లారీకి మామూలుగా అనుమతించే గరిష్ఠ బరువు 36 టన్నులు. దానికి దాదాపు 10 రెట్లు, అదీ రెండు పాదాల జాగాలో. పైగా షికాగో నది పక్కన సాగే వాకర్ డ్రైవ్ 1926 నుంచీ రెండంతస్తుల రోడ్డు. పైన ఒకటి, కింద ఒకటి. అంటే పై రోడ్డు కింది రోడ్డుకు కప్పు. అక్కడ దూకిన ఆప్టిమస్ కప్పు చీల్చుకుని కింది రోడ్డులో తేలతాడు, తల మాత్రం పైన కనబడుతుంది.

ఇక మేడలు. సినిమాలో ఒక రోబో మరో రోబోను ఎత్తి మేడకేసి కొడుతుంది, మేడ పేకలా రాలుతుంది. ఈ ప్రయోగం దాదాపు ఇదే బరువుతో నిజంగానే ఒకసారి జరిగింది. 1945 జూలై 28న దట్టమైన పొగమంచులో దారి తప్పిన బి-25 బాంబర్ విమానం న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం 79వ అంతస్తు దగ్గర గుద్దుకుంది. విమానం బరువు పది టన్నుల ప్రాంతం, వేగం విసిరేసిన ఏ రోబోకన్నా చాలా ఎక్కువ. విమానంలోని ముగ్గురితో కలిపి 14 మంది చనిపోయారు. గోడకు ఐదారు మీటర్ల వెడల్పున రంధ్రం పడింది, మంటలు లేచాయి. భవనం నిలబడే ఉంది. అది శనివారం. సోమవారానికల్లా చాలా అంతస్తుల్లో జనం పనిలోకి వచ్చారు.

కారణం మేడ బరువే. షికాగోలోనే చూస్తే, 442 మీటర్ల విల్లిస్ టవర్ బరువు దాదాపు 2 లక్షల టన్నులు. ఒకప్పటి పేరు సియర్స్ టవర్. ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్ దానికి ఎముకల గూడు గీసిన ఇంజినీరు. తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా కట్టి నిలబెట్టి, గాలి ఎటు తోసినా అన్నీ కలిసి కాచుకునేలా చేశాడు. షికాగోలో రేయింబవళ్ళు వీచే గాలి ఆ మేడ మొత్తం మీద వేసే భారం ముందు తొమ్మిది టన్నుల రోబో తాకిడి ఎంత? అద్దాలు పగులుతాయి, ఒకటి రెండు అంతస్తులు చితుకుతాయి. స్తంభాలకు మాత్రం ఆ దెబ్బ లెక్కలోకి రాదు.

కాని ఆ 2 లక్షల టన్నుల్లోనే ప్రమాదమూ దాగి ఉంది. దాని భారకేంద్రం సుమారు 180 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, కట్టేటప్పుడు క్రేన్లు పైకెత్తి దాచిన స్థితిజ శక్తి 35 వేల కోట్ల జూల్స్. 80 టన్నుల టి.ఎన్.టి. పేలుడు పదార్థంతో సమానం. ప్రతి ఎత్తైన మేడలోనూ ఇలా ఎత్తుకు తగ్గ శక్తి నిద్రపోతూ ఉంటుంది. స్తంభాలు మోసినంతకాలం దాని ఊసే ఉండదు. డిసెప్టికాన్ల దగ్గర డ్రిల్లర్ అనే పెనుపాము లాంటి యంత్రం ఉంది. అది అద్దాల మేడను చుట్టుకుని, నడుం దగ్గర నలిపి విరగ్గొడుతుంది. సినిమా మొత్తంలో నగరం నిజంగా భయపడాల్సిన ఆయుధం నా దృష్టిలో అదొక్కటే, ఎందుకంటే అది కొట్టదు, మోసేదాన్ని తెంచుతుంది.

అయితే తెర మీద విరిగిన పై సగం పక్క మేడ మీదికి ఒరిగి ఆగిపోతుంది. లోపలి మనుషులు నేల మీద జారుతూ కిటికీల దాకా వస్తారు. నిజంగా మేడ అలా ఒక్క ముక్కగా ఒరుగుతుందా? 2009 జూన్ 27న చైనాలోని షాంఘైలో ఒరిగింది. ఇంకా ఎవరూ కాపురం రాని 13 అంతస్తుల అపార్టుమెంటు అది. ఒకవైపు భూగర్భ గ్యారేజీ కోసం మట్టి తవ్వి, ఆ మట్టిని రెండోవైపు పది మీటర్ల దాకా పోశారు. తవ్విన వైపు ఆనుడు లేదు, పోసిన వైపు నుంచి తోపుడు. పునాది కింది పైల్స్ విరిగి, మేడ పక్కకు వాలి నేల మీద పడుకుంది. కిటికీలు చాలామటుకు చట్రాల్లోనే ఉన్నాయి. ఒక కార్మికుడు చనిపోయాడు.

ఆ ఫొటోలు చూసినవారికి సినిమా దృశ్యం నమ్మశక్యంగానే ఉంటుంది. తేడా మళ్ళీ గెలీలియో చెప్పిందే. 13 అంతస్తుల మేడ ఒక గట్టి పెట్టెలా తన బరువును తాను కాచుకోగలిగింది. ఎత్తు పెరిగేకొద్దీ బరువు పెరిగినంతగా కీళ్ళ బలం పెరగదు. 50 అంతస్తుల ముక్క వంగితే, ఒక వైపు స్తంభాల మీద మొత్తం భారం పడి అవి నలుగుతాయి. పై ముక్క ఒరగడానికి వ్యవధి చాలదు, అంతస్తు మీద అంతస్తుగా నేరుగా దిగిపోతుంది. లక్ష టన్నుల ముక్క ఒక్క అంతస్తు ఎత్తు జారితేనే వెలువడే శక్తి ముక్కాలు టన్నుకు పైబడిన టి.ఎన్.టి.కి సమానం, కింది అంతస్తు దాన్ని కొద్ది సెంటీమీటర్లలో ఆపాలి. ఆపలేదు.

అయినా షికాగోలో నన్ను ఎక్కువ భయపెట్టేది పైనున్నది కాదు, కిందున్నది. డ్రిల్లర్ మేడను చుట్టుకోవడానికి ముందు నేలలోంచి తవ్వుకుంటూ వస్తుంది. షికాగో కింది నేల హిమనదాలు వదిలివెళ్ళిన మెత్తని బంకమట్టి. 1891లో పూర్తయిన మోనాడ్‌నాక్ భవనానికి 16 అంతస్తుల ఇటుక గోడలున్నాయి, అడుగున మందం ఆరడుగులు. ఆ బరువుకు అది కాలక్రమాన అర మీటరు దాకా కుంగింది. అందుకే తర్వాతి ఆకాశహర్మ్యాలు బంకమట్టిని దాటి అడుగునున్న సున్నపురాతి మీద కాళ్ళు మోపాయి. ఆ బంకమట్టిలోనే, వీధులకు 12 మీటర్ల లోతున, 20వ శతాబ్దం మొదట్లో తవ్విన సరుకు సొరంగాలున్నాయి. దాదాపు 100 కిలోమీటర్ల పొడవు. రెండడుగుల పట్టాల మీద చిట్టి రైళ్ళు మేడల నేలమాళిగలకు బొగ్గు చేర్చి బూడిద పట్టుకుపోయేవి. 1959లో ఆ రైళ్ళు ఆగిపోయాయి. సొరంగాలు మిగిలాయి, కరెంటు, ఫోను తీగలకు దారులయ్యాయి. మేడల నేలమాళిగలతో వాటి సంబంధం తెగలేదు.

1991 సెప్టెంబరులో కింజీ వీధి వంతెన దగ్గర, పడవలు తగలకుండా కాపు కోసం నదిలో కొత్త దుంగలు పాతారు. వంతెన ఆపరేటరు గదికి దెబ్బ తగలకూడదని పాత చోటుకు కొద్ది అడుగులు పక్కగా దిగ్గొట్టారు. సరిగ్గా ఆ పక్కనే నది కింద సొరంగం ఉంది. దుంగ సొరంగాన్ని గుచ్చలేదు. అది దిగినప్పుడు పక్కకు జరిగిన బంకమట్టి సొరంగం గోడను నొక్కింది, గోడ చిట్లింది. చిట్లిన చోటు నుంచి నెలల తరబడి మెల్లమెల్లగా బురద ఊరుతూ వచ్చింది. జనవరిలో తీగల పని మీద దిగినవాళ్ళు చూసి చెప్పారు. మరమ్మతుకు అంచనాలు, టెండర్లు నడుస్తుండగానే 1992 ఏప్రిల్ 13 తెల్లవారుజామున గోడ తెగింది. నది సొరంగాల్లోకి, సొరంగాల నుంచి నగర నడిబొడ్డున ఉన్న నేలమాళిగల్లోకి పారింది. దాదాపు 95 కోట్ల లీటర్లు. వీధిలో చుక్క నీరు లేదు, కింద ట్రాన్స్‌ఫార్మర్లు మునిగాయి. కరెంటు తీసేశారు, ఆఫీసులన్నీ ఖాళీ చేయించారు. రంధ్రం పూడ్చడానికే రోజులు పట్టింది, నీళ్ళు తోడటానికి వారాలు. నష్టం 100 కోట్ల డాలర్ల స్థాయికి చేరిందని అంచనా.

కొద్ది దుంగలు చేసిన పని ఇది. డ్రిల్లర్ మేడంత లావున ఉంటుంది. అది వెళ్ళిన దారి పొడవునా బంకమట్టి పక్కలకు నొక్కుకుంటుంది, వెనక బిలం మిగులుతుంది. నది కింద ఒక్కసారి దూరితే చాలు. ఆ నదిని 1900లో మళ్ళించి సరస్సు నీరు అందులోకి వచ్చేలా చేశారు కాబట్టి, మిషిగన్ సరస్సే దానికి తొట్టి. ఆటోబాట్లు గెలిచినా, డిసెప్టికాన్లు గెలిచినా, మర్నాటికి నగరం నేలమాళిగల్లో నీళ్ళే ఉంటాయి.

ధూళి సంగతి సినిమాలు ఎప్పుడూ దాటేస్తాయి, నాకది బాధ కలిగిస్తుంది. మేడ కూలినప్పుడు కాంక్రీటు, గాజు నూలు మెత్తని పొడిగా మారి ఊపిరితిత్తుల్లో చేరతాయి. కాంక్రీటు పొడికి క్షారగుణం ఉంటుంది, అది లోపలి పొరలను కాలుస్తుంది. 2001 సెప్టెంబరు 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ మేడలు కూలినప్పుడు న్యూయార్క్ అగ్నిమాపక దళంలో 343 మంది చనిపోయారు. ఆ ధూళి వల్ల వచ్చిన జబ్బులతో తర్వాతి ఏళ్ళలో ఒక్కొక్కరుగా చనిపోయిన ఆ దళం వారి సంఖ్య 2023లో అదే 343ను చేరింది. షికాగో వీధుల్లో ముసుగు లేకుండా పరిగెత్తే హీరోను చూసినప్పుడు ఈ రెండు సంఖ్యలూ గుర్తుంచుకోండి.

చివరికి వంతెన తెరుచుకుని సైబర్‌ట్రాన్ ఆకాశంలో ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ యుద్ధం స్థాయే మారిపోతుంది. దాని బరువు, పరిమాణం ఎంతో మనకు తెలియదు కాబట్టి వీలైనంత ఉదారంగా, మన చంద్రుడంతే అనుకుందాం. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సైబర్‌ట్రాన్‌ను అందులో ఇరవయ్యో వంతు దూరంలో, భూకేంద్రం నుంచి 19,220 కిలోమీటర్ల దగ్గర ఉంచుదాం. షికాగో నుంచి చూస్తే అది నిండు చంద్రుడికి 30 రెట్ల వెడల్పున కనబడుతుంది. తెర మీద చూపినదానికన్నా ఇది చిన్నదే.

ఆటుపోట్లను పుట్టించే బలం దూరపు ఘనానికి విలోమంగా మారుతుంది. దూరం 20 రెట్లు తగ్గితే ఆ బలం 8,000 రెట్లు పెరుగుతుంది. ఇంత దగ్గరలో నిజానికి అంతకన్నా ఎక్కువే. మిషిగన్ సరస్సులో మామూలు ఆటుపోటు ఐదు సెంటీమీటర్లయినా ఉండదు, ఒడ్డున ఉన్నవారు గుర్తే పట్టలేరు. 8,000తో గుణిస్తే వందల మీటర్లు. గ్రహం నిలిచిన కొద్ది నిమిషాల్లో అంత నీరు లేవడానికి వ్యవధి చాలదు, నిజమే. అయినా కదలిక మొదలైతే చాలు. 1954 జూన్ 26న ఒక గాలివాన సరస్సు మీదుగా పోతూ నీటిని తోసింది. పళ్ళెంలో కుదిపిన నీళ్ళలా అది అవతలి ఒడ్డుకు కొట్టుకుని వెనక్కి తిరిగి, దాదాపు మూడు మీటర్ల అలగా షికాగో ఒడ్డును తాకి ఎనిమిది మందిని లాక్కుపోయింది. గాలి తోస్తేనే అంతైతే, ఒక గ్రహం లాగితే ఎంతవుతుందో ఊహించండి. ఈ బలానికి నీరే కాదు, కింది రాతిపొర కూడా ఉబ్బుతుంది. భ్రంశరేఖలు ఉన్నచోటల్లా నేల జారుతుంది.

సైబర్‌ట్రాన్ కూడా గాలిలో వేలాడుతూ ఉండదు. పక్కకు వేగం లేకుండా నిశ్చలంగా వచ్చి నిలిచిందనుకుంటే, ఆ క్షణం నుంచే భూమి మీదికి పడటం మొదలుపెడుతుంది. లెక్క వేస్తే రెండు గోళాలూ తాకడానికి గంటా ఏడు నిమిషాలు పడుతుంది, తాకే వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైన. ఆటోబాట్లు స్తంభాన్ని కూల్చేది అంతకు చాలా ముందే. స్తంభం పడగానే వంతెన మూసుకుని, సైబర్‌ట్రాన్ తనలోకి తాను కుప్పకూలి మాయమవుతుంది. సినిమా ప్రకారం గండం గడిచినట్టే.

కానీ అది లాగుతున్నంతసేపూ భూమి కూడా దానివైపు పడుతూనే ఉంది. చంద్రుడంత బరువు ఆ దూరం నుంచి భూమిని లాగితే ప్రతి సెకనుకూ వేగం 1.3 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఇలా పది నిమిషాలు సాగిందంటే భూమికి సెకనుకు ఎనిమిది మీటర్ల కొత్త వేగం వస్తుంది. లాగిన గ్రహం మాయమైనా ఆ వేగం పోదు. సూర్యుడి చుట్టూ భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఈ ఎనిమిది మీటర్లు ఆ దిశలోనే కలిస్తే మన సంవత్సరం దాదాపు ఏడు గంటలు పెరుగుతుంది, ఎదురు దిశలో కలిస్తే అంత తగ్గుతుంది. దూరాన ఉన్న చంద్రుడికి ఈ కుదుపు దాదాపుగా తగలదు కాబట్టి భూమికీ చంద్రుడికీ మధ్య వేగం కూడా మారుతుంది. దాని దిశను బట్టి చంద్రమాసం అటో ఇటో పద్దెనిమిది గంటల దాకా జరగవచ్చు. లీపు సంవత్సరం సూత్రం పనికిరాదు. 19 సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలన్న పాత లెక్క తప్పుతుంది. అప్పటి నుంచి ఏ ఏడు అధికమాసం వేయాలో, ఉగాది ఏ రోజు వస్తుందో మన పంచాంగకర్తలు మొదటి నుంచి గుణించుకోవాలి.